చీనీ తోటలో లోరా గేట్‌వే: గదిలో పెట్టి పొడుగు కేబుల్ లాగాలా, పైపు మీదికే ఎక్కించాలా?

నార్పల రైతు:
అందరికీ నమస్కారం. మా చీనీ తోటలోని తేమ సెన్సార్లు, డ్రిప్ వాల్వులు లోరా (తక్కువ కరెంటుతో చిన్న సందేశాలను దూరానికి పంపే రేడియో) పద్ధతిలో 865–868 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేస్తాయి. వంక అవతలి తోటలో ఉన్న సెన్సారు మోటారు గదికి మూడు కిలోమీటర్ల దూరం. గది పక్కన పది మీటర్ల జీఐ పైపు నిలబెట్టాం. గేట్‌వేను (సెన్సార్ల సంకేతాలు అందుకునే పెట్టెను) గదిలోనే ఉంచి, పైదాకా ఆర్‌జీ-58 అనే సన్నని యాంటెన్నా కేబుల్ లాగి, 8 డీబీఐ (యాంటెన్నా బలాన్ని చెప్పే కొలత) యాంటెన్నా బిగించమని ఒకరు చెబుతున్నారు. గేట్‌వేనే పైకి ఎక్కించి చిన్న యాంటెన్నా పెడితే చాలని ఇంకొకరు అంటున్నారు. ఏది మేలు?

తాడిపత్రి ఎలక్ట్రీషియన్:
గదిలోనే ఉంచండి. మన ఎండలకు పైపు మీది పెట్టెలో బ్యాటరీ నిలవదు, ఏది చెడినా పైపు దించవలసి వస్తుంది. కేబుల్‌లో పోయినంత బలాన్ని 8 డీబీఐ యాంటెన్నా తిరిగి ఇస్తుంది కదా.

అనంతపురం అధ్యాపకుడు:
బ్యాటరీ గురించి మీరన్నది ముమ్మాటికీ నిజం. లిథియం బ్యాటరీని 45 డిగ్రీలు దాటిన వేడిలో ఛార్జి చేయకూడదు. అయితే కేబుల్ లెక్కను ఒకసారి చూడండి. ఈ పౌనఃపున్యంలో పది మీటర్ల ఆర్‌జీ-58 దాదాపు అయిదు డీబీ (డెసిబెల్, సంకేత బలం హెచ్చుతగ్గుల కొలత) మింగుతుంది, అంటే మూడింట రెండు వంతుల శక్తి వేడిగా మారిపోతుంది. మామూలు డైపోల్ (సాదా కడ్డీ యాంటెన్నా) కంటే ఆరు డీబీ ఎక్కువ ఇస్తుందని ఆ పెద్ద యాంటెన్నాను కొని, అందులో అయిదు డీబీని కేబుల్‌కే ధారపోయడం నాకు సమ్మతం కాదు. పంపే వైపు నష్టాన్ని నిబంధనల పరిమితిలో శక్తి పెంచి కొంత పూడ్చుకోవచ్చు కానీ, దూరపు సెన్సారు నుంచి వచ్చే బలహీనమైన సంకేతం గేట్‌వేను చేరకముందే కేబుల్‌లో తగ్గిపోతే దాన్ని తిరిగి రాబట్టే ఉపాయం లేదు.

ఎత్తు విషయంలో మాత్రం రాజీ పడకండి. మూడు కిలోమీటర్ల దారి మధ్యలో ఫ్రెనెల్ మండలం (సంకేతం వెళ్లే దారి చుట్టూ దానికి కావలసిన చోటు) వ్యాసార్ధం సుమారు 16 మీటర్లు ఉంటుంది, అందులో అరవై శాతమైనా అడ్డు లేకుండా ఉండాలి. నీరు నిండిన చీనీ ఆకులు సంకేతాన్ని బాగా పీల్చుకుంటాయి. కాబట్టి బ్యాటరీని గదిలోనే ఉంచి, ఈథర్నెట్ కేబుల్ ద్వారా పీఓఈతో (నెట్‌వర్క్ తీగలోనే కరెంటూ పంపే పద్ధతితో) కరెంటు పైకి పంపి, గేట్‌వేను నీడ కప్పు ఉన్న పెట్టెలో పైన పెట్టి, యాంటెన్నాకు అర మీటరు కేబుల్ మాత్రమే వాడమంటాను. 8 డీబీఐ యాంటెన్నా చదును నేలలో బాగానే పనిచేస్తుంది. పైపు గుట్ట మీద ఉండి, సెన్సార్లు గుట్ట కిందే ఉంటే మాత్రం దాని పుంజం నిలువుగా సన్నగా ఉండడం వల్ల దగ్గరి సెన్సార్లే అందకపోవచ్చు.

తాడిపత్రి ఎలక్ట్రీషియన్:
పీఓఈ ఆలోచన బాగుంది సార్. అయినా డిష్‌లకు వేసే ఆర్‌జీ-6 కేబుల్ చౌక, నష్టమూ తక్కువ. దాన్ని వాడితే గేట్‌వే కిందే ఉండవచ్చు కదా?

అనంతపురం అధ్యాపకుడు:
ఆ కేబుల్‌ను నేను తోసిపుచ్చను. పది మీటర్లకు దాని నష్టం రెండు డీబీ చుట్టూనే ఉంటుంది. అది 75 ఓమ్‌ల (ఇంపిడెన్స్ కొలత) కేబుల్ అయినా, 50 ఓమ్‌ల పరికరంతో కలిసే ఒక్కో చోట వెనక్కి మళ్లే శక్తి నాలుగు శాతమే. నా అభ్యంతరం అతుకుల మీద. దాని ఎఫ్ కనెక్టరు నుంచి ఎన్ టైపుకో ఎస్‌ఎమ్‌ఏకో (ఇవి రేడియో పరికరాల కనెక్టర్ల రకాలు) మారడానికి రెండు చివర్లా అడాప్టర్లు కావాలి, పై చివరి అడాప్టరులోకి వాన నీరు దిగితే నెలల తరబడి ఎవరికీ తెలియకుండానే సంకేతం క్షీణిస్తుంది. ఆరుబయట రబ్బరు వాషరున్న ఎన్ టైపే వాడండి. సెల్ఫ్ ఫ్యూజింగ్ టేపును (తనకు తానే అతుక్కునే రబ్బరు టేపును) కింది నుంచి పైకి, పెంకులు పరిచినట్టు ఒకదాని మీద ఒకటి వచ్చేలా చుట్టండి.

నార్పల రైతు:
మా గేట్‌వేకు ఎస్‌ఎమ్‌ఏ ఉంది. వైఫై రూటరు యాంటెన్నా దానికి చక్కగా బిగిసింది, అయినా సిగ్నల్ లేదు.

అనంతపురం అధ్యాపకుడు:
ఆ యాంటెన్నాది ఆర్‌పీ-ఎస్‌ఎమ్‌ఏ (పిన్ను, రంధ్రం తారుమారైన ఎస్‌ఎమ్‌ఏ) అయి ఉంటుంది. మర రెండింటికీ ఒకటే కనుక బిగుస్తుంది కానీ, అటూ ఇటూ మధ్యలో రంధ్రమే ఉంటే పిన్ను తగలదు. గేట్‌వే మధ్యలో రంధ్రం ఉంటే యాంటెన్నా మధ్యలో పిన్ను కనిపించాలి. పైగా వైఫై యాంటెన్నా 2.4 గిగాహెర్ట్జ్ కోసం చేసినది. కొనేటప్పుడు 868 మెగాహెర్ట్జ్ అని రాసి ఉన్నదాన్నే తీసుకుని, పిన్నును కంటితో చూశాకే డబ్బు ఇవ్వండి.