90 రోజుల బిల్లుల మీద ఎన్‌బీఎఫ్‌సీ ఫైనాన్స్ తీసుకోవచ్చా?

జడ్చర్ల_కార్టన్స్:
పోలేపల్లి సెజ్‌ల ఒక ఫార్మా కంపెనీకి అట్టపెట్టెలు సప్లై చేస్తం. నెలకు పది లక్షల బిల్లింగ్, పేమెంట్ 90 రోజులకు. పేపర్ మిల్లుకేమో 15 రోజులల్ల కట్టాలె. ఒక ఎన్‌బీఎఫ్‌సీ (బ్యాంకు గాని ఫైనాన్స్ కంపెనీ) వాళ్లు బిల్లు మీద 80 శాతం వెంటనే ఇస్తం, ఏడాదికి 14 శాతం వడ్డీ అంటున్నరు. బ్యాంకుల సీసీ (క్యాష్ క్రెడిట్ లిమిట్) గూడ ఉంది. రేటు సరిగ్గనే ఉందా? ఇంకేమన్న చూసుకోవాల్నా?

నల్లగొండ_లెక్కలు:
రేటు తర్వాత చూద్దాం అన్నా. ముందు అగ్రిమెంట్‌లో 'విత్ రికోర్స్' క్లాజు ఉందేమో చూడండి. ఉంటే, కంపెనీ కట్టకపోయినప్పుడు ఆ పైసలు మీరే తిరిగి కట్టాలి. బిల్లు అమ్మినట్టు కనిపిస్తుంది గానీ అది బిల్లు చూపించి తెచ్చుకున్న అప్పే. సంతకం పెట్టిన ఖాళీ చెక్కులు, పర్సనల్ గ్యారంటీ అడిగితే ఇక అనుమానమే అక్కర్లేదు.

పది లక్షల బిల్లుకు 8 లక్షలు చేతికొస్తాయి. 90 రోజుల వడ్డీ సుమారు 27,600. ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ వేరే. మిగతా 2 లక్షలు కంపెనీ కట్టాకనే.

మీ సరుకులో అసలు తిప్పలు డెబిట్ నోటుతో, అంటే కంపెనీ బిల్లులో కోత పెట్టి పంపే కాగితంతో వస్తాయి. బర్స్టింగ్ స్ట్రెంత్ (అట్ట చిరగకుండా తట్టుకునే బలం) తక్కువుందనో, వానాకాలం తేమ పట్టిందనో కంపెనీ 60 వేలు కోసిందనుకోండి, అది మీ 2 లక్షల్లోంచే పోతుంది. కోత ఆ 2 లక్షలు కూడా దాటితే జేబులోంచి కట్టాలి. అందుకే క్యూసీ (నాణ్యత తనిఖీ) పాసై, జీఆర్‌ఎన్ (సరుకు అందిందని కంపెనీ ఇచ్చే రసీదు) చేతికొచ్చాకనే బిల్లు పెట్టండి.

సీసీ సంగతి చాలామంది మర్చిపోతారు. స్టాకుతో పాటు రావాల్సిన బాకీలు కూడా మామూలుగా బ్యాంకుకు హైపోథికేషన్‌లో (అప్పుకు తాకట్టుగా) ఉంటాయి. ఎన్‌బీఎఫ్‌సీ దగ్గర డిస్కౌంట్ చేసిన బిల్లును మళ్లీ నెలవారీ స్టాక్ స్టేట్‌మెంట్‌లో చూపిస్తే ఒకే బిల్లు మీద రెండు అప్పులైతాయి. బ్యాంకు ఎన్‌వోసీ తీసుకొని, ఆ బిల్లులు స్టేట్‌మెంట్‌లోంచి తీసేయండి. డ్రాయింగ్ పవర్, అంటే సీసీలోంచి తీసుకోగలిగే మొత్తం, ఆ మేరకు తగ్గుతుంది, అది ముందే లెక్కలో పెట్టుకోండి.

క్రెడిట్_డెస్క్:
పైన చెప్పినవన్నీ సరే. అప్పిచ్చేవాళ్ల పరిస్థితి కూడా చూడాలి. వీళ్లూ బ్యాంకుల దగ్గర, మార్కెట్లో తెచ్చి తిప్పేవాళ్లే. మార్జిన్ సన్నం, ఒక పెద్ద బాకీ మునిగితే ఏడాది లాభం కొట్టుకుపోతుంది. లండన్‌లో ఇట్లా బిల్లుల మీద అప్పులిచ్చే గ్రీన్‌సిల్ క్యాపిటల్ 2021 మార్చిలో కూలింది ఇట్లనే. పెద్ద మొత్తం ఒకే స్టీల్ గ్రూపుకు ఇచ్చారు, ఇంకా జరగని అమ్మకాల మీద కూడా ఇచ్చారు. ఆ బాకీల మీదున్న ఇన్సూరెన్స్ రెన్యువల్ ఆగగానే, స్విస్ బ్యాంకు క్రెడిట్ సూయిస్ వాటిలో డబ్బు పెట్టిన దాదాపు 1,000 కోట్ల డాలర్ల ఫండ్లను ఆపేసింది.

వాళ్లకు ఇంకో భయం దొంగ బిల్లులు, ఒకే బిల్లు రెండు చోట్ల పెట్టడం. టర్నోవర్ 5 కోట్లు దాటితే ఈ-ఇన్వాయిస్, ఐఆర్‌ఎన్ (బిల్లుకు ప్రభుత్వ పోర్టల్ ఇచ్చే ప్రత్యేక నంబర్) ఉంటాయి. మీది అంత లేదు కాబట్టే ఈ-వే బిల్లు, జీఆర్‌ఎన్, జీఎస్టీఆర్-1 (అమ్మకాల జీఎస్టీ రిటర్ను) అన్నీ అడుగుతారు. సతాయిస్తున్నారని అనుకోకండి. ఏదీ అడగకుండా ఇచ్చేవాళ్లనే నమ్మొద్దు.

వాళ్లకు నిధులు ఆగితే మీ లిమిట్ కూడా ఆగుతుంది. బిల్లులన్నీ వాళ్ల దగ్గరే తిప్పుతుంటే మూడు నెలల బిల్లుల్లో 80 శాతం, అంటే 24 లక్షల భారం, మీ మీద పడుతుంది. సగానికి మించి పెట్టకండి.

జడ్చర్ల_కార్టన్స్:
ట్రెడ్స్ (చిన్న యూనిట్ల బిల్లుల మీద ఫైనాన్స్ దొరికే ఆన్‌లైన్ వేదిక) గురించి అడిగితే కంపెనీ పర్చేజ్ వాళ్లు 'మేం అందుల లేం' అంటున్నరు.

నల్లగొండ_లెక్కలు:
250 కోట్ల టర్నోవర్ దాటిన కంపెనీలు 2025 మార్చి 31లోగా చేరాలని 2024 నవంబర్‌లోనే నోటిఫికేషన్ వచ్చింది. కాకపోతే చేరినా మీ బిల్లును యాక్సెప్ట్ చేయకుండా నాన్చవచ్చు, చిక్కంతా అక్కడే. యాక్సెప్ట్ చేస్తే మాత్రం ఆర్‌ఎక్స్‌ఐఎల్, ఎం1ఎక్స్ఛేంజ్, ఇన్వాయిస్‌మార్ట్ లాంటి ట్రెడ్స్ వేదికల మీద బ్యాంకులు బిడ్లు వేస్తాయి, రికోర్స్ ఉండదు.

అసలు ఉద్యం (చిన్న పరిశ్రమల ప్రభుత్వ పోర్టల్) రిజిస్ట్రేషన్ ఉన్న సూక్ష్మ, చిన్న యూనిట్‌కు 90 రోజుల గడువే చెల్లదు. 2006 ఎంఎస్‌ఎంఈడీ చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటొద్దు. దాటితే బ్యాంక్ రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ. ఆ గడువు దాటించిన బిల్లును కంపెనీ ఇన్‌కమ్ ట్యాక్స్ లెక్కలో డబ్బు కట్టిన ఏడాదిలోనే ఖర్చు కింద చూపుకోవాలి, ఈ నిబంధన 2024 ఏప్రిల్ నుంచి ఉంది. పర్చేజ్ వాళ్లకు ఇవి పట్టవు, ఫైనాన్స్ హెడ్‌కు పడతాయి. ఇన్వాయిస్ మీద ఉద్యం నంబర్ ప్రింట్ చేయించి మెయిల్ ఆయనకే పెట్టండి.