హత్య కేసులో శిక్ష పడినవాళ్లు రాజకీయ ఖైదీలు ఎలా అవుతారు? బ్లాక్ పాంథర్ల గురించి అడుగుతున్నా

బ్రాడీపేట కుర్రాడు (గుంటూరు):
జై భీమ్ అందరికీ. ఇక్కడ కొంతమందిమి ఆదివారాలు కలిసి చదువుకుంటాం, ఈసారి నా వంతు. అమెరికా జైళ్లలో దశాబ్దాలు మగ్గి బయటికొచ్చిన బ్లాక్ పాంథర్ల (1960ల్లో అక్కడి నల్లవాళ్ల హక్కుల కోసం పుట్టిన పార్టీ వాళ్లు) గురించి చెప్తానన్నాను. రెండు చోట్ల ఆగిపోతున్నా. వీళ్లలో చాలామందివి హత్య కేసులు. "పోలీసు చనిపోయిన కేసులో లోపలికెళ్లినవాణ్ణి రాజకీయ ఖైదీ అని ఎలా అంటాం?" అని మా పెద్దాయన ఒకరు ముందే అడిగారు, అడగాల్సిన ప్రశ్నే. రెండోది, వీళ్లు స్వయం నిర్ణయాధికారం కావాలన్నారు కదా, అంటే వేరే దేశం కోరారా? ర్యాప్ పాటల టుపాక్ వాళ్లమ్మ కూడా పాంథరే అని తెలిసినప్పటి నుంచి జూనియర్లు తెగ ఎదురు చూస్తున్నారు, వాళ్లకి పైపైన చెప్పి పంపించడం నాకిష్టం లేదు.

గవర్నర్‌పేట ప్లీడర్ (విజయవాడ):
తమ్ముడూ, కేసులన్నిటినీ ఒకే గాటన కట్టకు. టుపాక్ వాళ్లమ్మ అఫెనీ షకూర్‌తో కలిపి 21 మంది మీద 1969లో న్యూయార్క్‌లో బాంబుల కుట్ర కేసు పెట్టారు. ఆవిడ కడుపుతో ఉండి, వకీలు లేకుండా తన కేసు తానే వాదించుకుంది. 1971 మేలో జ్యూరీ ఒక్క ఆరోపణ కూడా మిగల్చకుండా కొట్టేసింది, నెల తిరిగాక టుపాక్ పుట్టాడు. కానీ ఆ రెండేళ్లూ పార్టీ న్యూయార్క్ శాఖకి జైళ్ల చుట్టూ కోర్టుల చుట్టూ తిరగడంతోనే సరిపోయింది. ఇలాంటి కేసు పెట్టినవాళ్లకి గెలవాల్సిన పని కూడా లేదు, నడిస్తే చాలు.

జెరోనిమో ప్రాట్ అనే పాంథర్ నాయకుడైతే హత్య కేసులో 27 ఏళ్లు లోపలున్నాడు. ముఖ్య సాక్షి పోలీసులకి, ఎఫ్‌బీఐకి (అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ) సమాచారం చేరవేసే మనిషన్న సంగతి జ్యూరీకి చెప్పలేదు. 1997లో శిక్ష రద్దయింది, తర్వాత 45 లక్షల డాలర్ల పరిహారం ఇచ్చారు. ఇది ఎవరో ఒక ఇన్‌స్పెక్టర్ అత్యుత్సాహం అనుకోకు. కోయిన్‌టెల్‌ప్రో పేరుతో ఎఫ్‌బీఐ 1956 నుంచి 1971 దాకా ఇలాంటి సంఘాల్ని లోపల్నుంచి చీల్చే పని రహస్యంగా నడిపింది. పెన్సిల్వేనియాలో మీడియా అనే ఊళ్లో కొందరు ఎఫ్‌బీఐ ఆఫీసులో దూరి ఫైళ్లు ఎత్తుకెళ్లి పత్రికలకి పంపితేనే లోకానికి తెలిసింది.

ఇక మీ పెద్దాయన ప్రశ్న. సుండియాటా అకోలీ అనే పాంథర్‌కి, 1973లో ఒక పోలీసు చనిపోయిన కేసులో 1974లో శిక్ష పడింది, అది రద్దు కాలేదు. ఆ పోలీసుకీ ఓ కుటుంబం ఉంది, ఇది దాచి మాట్లాడితే మీటింగులో ఎవరూ నిన్ను నమ్మరు. అయితే ఆయనకి 1993లోనే పెరోల్ అర్హత వచ్చింది. 2022లో, 85 ఏళ్ల వయసులో, న్యూజెర్సీ సుప్రీంకోర్టు చెప్తే గానీ వదల్లేదు. ఆ చివరి దాదాపు ముప్పై ఏళ్లు నేరానికి కాదు, ఆయన రాజకీయాలకి పడిన శిక్ష. నేనైతే ఇదే మాట అంటాను.

రైలుపేట అక్క (గుంటూరు):
ప్లీడర్ గారు కోర్టుల సంగతి చెప్పారు, నేను జైలు లోపలిది చెప్తా. లూసియానాలోని అంగోలా జైలు ఒకప్పటి బానిసల తోట, 18,000 ఎకరాలు, ఖైదీలు ఇప్పటికీ పొలం పని చేస్తారు. అక్కడ ఆల్బర్ట్ వుడ్‌ఫాక్స్, హెర్మన్ వాలెస్ అనే ఖైదీలు పాంథర్ శాఖ పెట్టారు. 1972లో ఒక గార్డు హత్య కేసు వీళ్ల మీద పడింది, చివరిదాకా మేం చేయలేదనే అన్నారు. వుడ్‌ఫాక్స్ నలభై ఏళ్లు దాటి ఏకాంత ఖైదులో ఉన్నాడు, ఆరడుగులకి తొమ్మిదడుగుల గది, రోజుకి 23 గంటలు అందులోనే. అన్నం పళ్లెం తలుపు కింద నుంచి నేల మీద తోసేవాళ్లు. కటకటాలకి పళ్లెం పట్టే సందు కోయమని నిరాహార దీక్ష చేసి సాధించుకున్నారు. అంత దుర్మార్గంలోనూ పక్క సెల్లుల వాళ్లకి చదువు చెప్పాడాయన, ఒక ఖైదీకి చదవడం నేర్పడమే తన జీవితంలో అన్నిటికన్నా గొప్ప పని అనేవాడు. 2016లో తన 69వ పుట్టినరోజున బయటికొచ్చాడు. వాలెస్‌ని 2013లో క్యాన్సర్ ముదిరాక వదిలితే మూడు రోజులకే పోయాడు. రాజకీయ ఖైదీ ఎవరు అని జూనియర్లు అడిగితే ముందు ఈ సెల్లు గురించి చెప్పు తమ్ముడూ, మిగతాది తర్వాత.

తెనాలి రూటు:
వేరే దేశమా అన్నదానికి అందరిదీ ఒకే జవాబు కాదన్నా. 1968లో డెట్రాయిట్‌లో రిపబ్లిక్ ఆఫ్ న్యూ ఆఫ్రికా వాళ్లు దక్షిణాదిలో ఐదు రాష్ట్రాలు కలిపి నల్లవాళ్ల దేశం కావాలన్నారు. పాంథర్ల పది డిమాండ్లలో మొదటిది మాత్రం మా సమాజం భవిష్యత్తు మేమే నిర్ణయించుకుంటాం అని. అందుకే 1969లో ఓక్లాండ్ చర్చిలో పిల్లలకి ఉచితంగా టిఫిన్లు పెట్టడం మొదలెట్టారు, ఎఫ్‌బీఐకి ఆ టిఫిన్లంటే కూడా కంగారే.

మనకిది దూరం సంగతేం కాదు. 1946లో అంబేద్కర్ అమెరికా నల్లజాతి మేధావి డ్యుబోయిస్‌కి ఉత్తరం రాసి, నల్లవాళ్లు ఐక్యరాజ్యసమితికి ఇచ్చిన పిటిషన్ కాపీలు అడిగారు. 1972లో బొంబాయిలో దళిత పాంథర్లు ఆ పేరే పెట్టుకున్నారు. మా పక్కనే చుండూరు చూడండి. 1991 ఆగస్టు 6న చంపేసిన మన దళితుల్ని ఊరి మధ్యలోనే పాతిపెట్టి దాన్ని రక్తక్షేత్రం అన్నారు, ప్రత్యేక కోర్టు మా ఊళ్లోనే పెట్టాలని పోరాడి పెట్టించుకున్నారు. 2014లో హైకోర్టు ముద్దాయిల్ని వదిలేసింది, అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. కానీ మా న్యాయం మా ఊళ్లో, మా కళ్ల ముందు జరగాలని పట్టుబట్టడం ఉంది చూడండి, స్వయం నిర్ణయాధికారం అంటే నాకు అదే.

బ్రాడీపేట కుర్రాడు (గుంటూరు):
చాలా థాంక్స్ అక్కా, అన్నా, ప్లీడర్ గారూ. అంగోలా సెల్లుతోనే మొదలుపెడతా, అకోలీ కేసు ఉన్నదున్నట్టు చెప్తా. మాజీ పాంథర్, జర్నలిస్టు ముమియా అబు జమాల్ బయటికొచ్చారా?

గవర్నర్‌పేట ప్లీడర్ (విజయవాడ):
లేదు తమ్ముడూ. 1981 డిసెంబర్‌లో అరెస్టు చేశారు, అదీ పోలీసు హత్య కేసే. 2011లో ఉరిశిక్ష పట్టు వదిలేశారు, పెరోల్ లేని జీవితఖైదు మిగిలింది. బయటికొచ్చినవాళ్ల గురించే మాట్లాడి ఆపేయకు, ఆయన గురించి కూడా చెప్పు.