సూరమసానిలో ‘సాని’ ఉంచనా, తీసేయనా?

అందరికీ నమస్కారం. సింహాచలం నేపథ్యంగా ఒక ప్రేమకథ రాస్తున్నాను. కాలం 1268, గాంగ రాజుల హయాంలో గుడి కట్టిన రోజులు. నాయిక కల్పితమే గానీ, పాత శాసనాల్లో స్త్రీల పేర్లు చూసి ‘సూరమసాని’ అని పెట్టుకున్నాను. ఆమె స్వామికి అఖండదీపం పెట్టిస్తుంది. ఆ దీపానికి రోజూ మానెడు నెయ్యి తెచ్చి కొలిచే ఆవుల కాపరే కథానాయకుడు.

మూడు అధ్యాయాలు మా వదినకి ఇచ్చాను. ఎంవీపీ రైతుబజారు నుంచి ఇంటికొచ్చేదాకా ఒకటే మాట: "కథ బాగుంది గానీ ఆ సాని తీసెయ్యమ్మా, చదివేవాళ్లు ముసిముసిగా నవ్వుతారు." సూరమ్మ అనో సూరాంబిక అనో మార్చమంటోంది. ఏం చేయను?

మధురవాడ నుంచి ఒక తెలుగు మాస్టారు:
తీయకండి. స్వామి ‘సామి’ అయినట్టే స్వామిని ‘సాని’ అయింది. దొరసాని అంటే ఎవరైనా నవ్వుతారా? మంత్రసాని అంటే? కాకతి బేతరాజుని నిలబెట్టినావిడ విరియాల కామసాని. గూడూరు శాసనం ఆ సంగతి తెలుగు పద్యాల్లో చెప్పింది. గోన బుద్ధారెడ్డి కూతురు కుప్పాంబికకి కుప్పసానమ్మ అనీ పేరుంది. అంబిక తగిలిస్తే గౌరవమూ, సాని తగిలిస్తే చిన్నతనమూనా? మీ వదినగారికి ఈ రెండు పేర్లూ చెప్పి చూడండి.

గాజువాక నుంచి ఒక సభ్యురాలు:
మాస్టారూ, మీరు చెప్పినవన్నీ దొరల ఇళ్లలోని పేర్లు. నా పేచీ అక్కడే. గుడిలో ఆడి పాడి సేవ చేసినవాళ్లూ సానులే, గుడిసానులు. వాళ్లూ తమ పేరుమీద దానాలిచ్చారు, ఫలానా సెట్టి కూతురిని, ఫలానా నాయకుడి కూతురిని అని రాయి మీద చెక్కించుకున్నారు. సిగ్గుపడాల్సిన మాటైతే చెక్కించుకుంటారా? కన్యాశుల్కం అచ్చయిన 1897 నాటికి సాని అంటే జనానికి ఒక్క అర్థమే మిగిలింది. ఆ చెవులతో 1268ని వింటున్నాం మనం. అందుకని రచయిత్రిగారూ, "మా సూరమ ఆ సాని కాదు, పెద్దింటి సాని" అని ముందుమాటలో మాత్రం రాయకండి. అలా రాస్తే గుడిసానుల్ని గుడి బయట నిలబెట్టింది మీరే అవుతారు.

మాస్టారు:
ఒప్పుకుంటున్నానమ్మా. నా జవాబులో ఆ సగం లేదు.

రచయిత్రి:
నిజం చెప్పొద్దూ, ఆ ముందుమాట రాసేశాను కూడా. తీసేస్తున్నాను.

భీమిలి నుంచి ఇంకొకరు:
పేరు గొడవ సరే. ఇంతకీ ఆ కాపరి ఆమెని ఏమని పిలుస్తాడు?

రచయిత్రి:
సూరమా అని.

భీమిలి నుంచి:
మొదటి రోజు నుంచేనా? ఇంకేం మిగిలిందండీ! దీపం పెట్టించిన ఇంటి ఆడబిడ్డని నెయ్యి తెచ్చేవాడు ఒట్టి పేరుతో పిలుస్తాడా? ‘సూరమసానిగారూ’ అన్నా నప్పదు, మన అపార్ట్‌మెంట్ మాటలా ఉంటుంది. తల వంచుకుని ‘సూరమసాని’ అనే అననివ్వండి. మూడు అధ్యాయాలూ అలాగే పిలవనివ్వండి. ఒకరోజు సాని మింగేయాలి. మీరు పేరులోంచి సాని ముందే తీసేస్తే వాడికి మింగడానికి ఏం ఉంటుంది? మీరు గ్రూపులో పెట్టిన నాలుగో అధ్యాయంలో "నేను నిన్ను ప్రేమిస్తున్నాను" అని ఒక వాక్యం ఉంది చూడండి, అది కూడా అప్పుడు అక్కర్లేదు. (అది అచ్చం వాట్సాప్ మెసేజ్‌లా ఉంది, ఏమీ అనుకోకండి.)

రచయిత్రి:
అనుకోవడానికేముంది, అది నిజమే. మొదటి మూడింటిలో పిలుపులన్నీ మార్చేసి, రాత్రి నాలుగోది ఇలా తిరగరాశాను:

‘నెయ్యి కొలిచి మానిక బోర్లించాడు. అడుగున మిగిలిన చుక్క కూడా జారేదాకా ఆగాడు. "ఇవాళ్టికి సరిపోయింది, సూరమా." వత్తి ఎగదోస్తున్న ఆమె చెయ్యి ఆగింది. వాడు తలెత్తలేదు.’

నాలుగు అధ్యాయాలూ కలిపి పొద్దున్నే వదినకి పంపాను. గంట తర్వాత ఫోను. "అదేంటి, ఇన్నాళ్లూ సూరమసాని అన్నవాడు ఇవాళ సాని అనలేదేం?" అంది.