మిషన్ ట్రిప్పులో మిగిలిన డబ్బు ఎవరిది?

మహేంద్రతనయ ఒడ్డు (పర్లాకిమిడి)

అందరికీ వందనాలు. మాది ఒడిశా గజపతి జిల్లాలో సవర గిరిజనుల ఊళ్లలో వైద్య శిబిరాలు, పిల్లలకు సాయంత్రం చదువు నడిపే క్రైస్తవ ట్రస్టు. 12ఏబీ (ట్రస్టు ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (దాతలకు పన్ను మినహాయింపు) ఉన్నాయి, ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ లేదు. విజయవాడ, హైదరాబాద్ చర్చి సంఘాల నుంచి మిషన్ ట్రిప్పులని సేవకు జట్లు వస్తుంటాయి. నాలుగు రోజులకు మనిషికి ₹6,500. ఇరవై మంది వస్తే వసూలు ₹1,30,000. పలాస స్టేషన్ నుంచి టెంపో, కొండ మీదికి బొలేరో కలిపి 34,000, భోజనాలు 24,000, బస 15,000, మందులు 12,000. ఖర్చు 85,000 పోను 45,000 మిగులుతోంది, జనరల్ ఫండ్‌లో కలిపేస్తున్నాం. "సేవ పేరు చెప్పి లాభం తీస్తున్నాం" అని కమిటీలో ఒకరి బాధ. "ఎవరి జేబులోకీ పోలేదు కదా" అని ఇంకొకరి వాదన. చట్టం ఏమంటుంది? చట్టం సంగతి అలా ఉంచితే ఏది న్యాయం?

పద్దుల పంతులు (బరంపురం)

మిగులు ఉండటం నేరం కాదండీ. 1961 ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 11 ట్రిప్పువారీ లెక్క అడగదు, ట్రస్టు ఏడాది ఆదాయం మొత్తం చూస్తుంది. అందులో 85 శాతం ఆశయాల మీద ఖర్చు కావాలి. 15 శాతం షరతు లేకుండా ఉంచుకోవచ్చు. అంతకు మించి ఆపాలంటే ఫలానా పనికని ఫారం 10లో రాసివ్వాలి, గడువు ఐదేళ్లు దాటకూడదు. (2026 ఏప్రిల్ 1 నుంచి దాని స్థానంలో 2025 చట్టం అమల్లోకి వచ్చింది. ఇక్కడ చెప్పేవి పాత నంబర్లు. సెక్షన్ల, ఫారాల కొత్త నంబర్లు ఆడిటర్ దగ్గర సరిచూసుకోండి.)

అసలు చిక్కు రసీదులో ఉంటుంది. ఆ 6,500కి 80జీ రసీదు ఇస్తున్నారా? ఇస్తుంటే వెంటనే ఆపండి. తిండి, బస, బండి పుచ్చుకున్నందుకు కట్టింది విరాళం కాదు, రుసుము. "రుసుము 5,750, వైద్య నిధికి విరాళం 750" అని ముందే విడదీసి, విరాళం ఇష్టమైతేనే ఇవ్వమని రాస్తే ఆ 750కి రసీదు ఇవ్వొచ్చు. నగదు విరాళం ₹2,000 దాటితే మాత్రం దాతకు మినహాయింపు రాదు.

చాలామంది చూడని ఇంకో గీత ఉంది. 80జీ ఉన్న ట్రస్టు మతపరమైన పనుల మీద ఏడాది ఆదాయంలో 5 శాతానికి మించి ఖర్చు పెట్టకూడదు. శిబిరం ఖర్చులోనే సాయంత్రం సువార్త సభ మైకు, షామియానా, కరపత్రాలు కలిపి రాస్తే ఆ గీత దాటారో లేదో మీకే తెలియదు. రుసుము తీసుకుని యాత్రలు నడపడాన్ని వ్యాపారంగా చూసే వీలూ ఉంది కాబట్టి సెక్షన్ 11(4ఏ) ప్రకారం వాటికి వేరే పద్దు పుస్తకాలు పెట్టండి.

కొండదారి (గుణుపురం)

పంతులుగారు పన్ను చెప్పారు. నాకు ఆ 45,000 మీదే అనుమానం. మీరు రాసిన ఖర్చులన్నీ బిల్లులొచ్చినవే. బిల్లు ఇవ్వని మనుషుల సంగతేమిటి? తెలుగు నుంచి సవరకు మాట మార్చే దుబాసీలు ముగ్గురు, నాలుగు రోజులు, రోజుకు 700: 8,400. వంటకు ఇద్దరు, 600 చొప్పున: 4,800. జట్టు రాకముందు ఊళ్లు తిరిగి ఏర్పాట్లు చేసే కుర్రాడి పది రోజులు: 6,000. క్లినిక్ వదిలి మీతో తిరిగే నర్సు నాలుగు రోజుల జీతం: 3,600. జట్టుకు బీమా, దోమతెరలు, మలేరియా పరీక్ష కిట్లు: 3,000. జనరేటర్ డీజిలు, వాళ్లు వెళ్లాక గదుల మరమ్మతు: 4,200. మొత్తం 30,000. రేట్లు మీ ఊరిని బట్టి అటూ ఇటూ ఉండొచ్చు గానీ నిజంగా మిగిలేది 15,000 దరిదాపుల్లోనే. మనిషికి 750.

అంటే మీ మిగులులో మూడింట రెండు వంతులు కొండ మీది వాళ్ల కూలి. "సేవ కదా" అని వాళ్ల చేత ఉట్టినే చేయించి, దాన్ని ట్రస్టు ఆదాయంగా చూపిస్తున్నారు. మీ కమిటీ ముందు గొడవ పడాల్సింది దీని మీద. కూలి ఇచ్చి వోచరు మీద సంతకం తీసుకోండి. వద్దన్నవాళ్లకూ ఇవ్వండి, కానుకగా తిరిగి వేస్తారో లేదో వాళ్ల ఇష్టం.

కరపత్రం మీద ఏం రాశారో కూడా తీసి చూడండి. "ప్రయాణ ఖర్చుల నిమిత్తం" అని రాస్తే మిగిలింది ఇచ్చినవాళ్లది. తిరిగి ఇవ్వాలి, లేదా అడిగి ఒప్పించి నిధికి మార్చాలి. ఆడిటర్ ఒప్పుకున్నంత మాత్రాన అది మీది అయిపోదు.

ప్రాణహిత గట్టు (సిరొంచ)

ముందే విడదీసి రాస్తే, అడిగి ఒప్పిస్తే మిగులు ఉంచుకోవచ్చన్న మాట నేను ఒప్పుకోను. మిగులుకు అలవాటు పడ్డ ట్రస్టు ఊరి అవసరం బట్టి కాకుండా జట్ల సెలవుల బట్టి శిబిరాలు పెడుతుంది. సంక్రాంతికి సెలవులని జట్టు వస్తుంది, ఊళ్లో వాళ్లంతా కోత, నూర్పుల్లో ఉంటారు. బీపీ ఉందని వారానికి సరిపడా మాత్రలిచ్చి వెళతారు, ఎనిమిదో రోజు మాత్ర ఎవరిస్తారు? జట్టుకు పని చూపాలని ఉన్న గోడకే మళ్లీ సున్నం వేయిస్తారు. మిగులు మీద సిబ్బంది జీతాలు ఆధారపడితే "ఈ ఏడాది జట్లు వద్దు" అనే ధైర్యం ఎవరికీ ఉండదు.

అందుకని జీతాలకు ఆ డబ్బు ముట్టుకోకూడదు. ఆ ఊరి రోగుల తదుపరి మందులకే వాడాలి, లెక్క తెలుగులోనూ ఒడియాలోనూ ఊళ్లో అంటించాలి. జట్టు నాయకుడికి ఉచిత సీటు, టెంపో యజమాని ఇచ్చే కమీషన్ లాంటివి ఉంటే వాటినీ లెక్కలో చూపండి. కాశీ బస్సులు వేసేవాళ్లయినా, యెరూషలేము యాత్రలు నడిపేవాళ్లయినా డబ్బు జారిపోయేది అక్కడే. ధర్మకర్తల బంధువుల బండ్లు ఎక్కువ అద్దెకు మాట్లాడితే సెక్షన్ 13 కింద ఆ మొత్తం మీద మినహాయింపు పోవచ్చు.

మహేంద్రతనయ ఒడ్డు

కూలి మాట నిజమే, వచ్చే జట్టు నుంచే వోచర్లు పెడతాం. ఇంకొకటి: అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్లు డిసెంబరులో వస్తామంటున్నారు. మనిషికి 400 డాలర్లు ఇస్తారట.

పద్దుల పంతులు

ముందు పాస్‌పోర్టులు చూడండి. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. పాస్‌పోర్టు నకలు దాచుకోండి. అమెరికా పౌరసత్వం తీసుకుంటే పేరు తెలుగైనా, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకిచ్చేది) ఉన్నా విదేశీ మూలమే. మామూలు వ్యాపార క్రమంలో చేసిన సేవకు తీసుకునే రుసుమును ఎఫ్‌సీఆర్‌ఏ విరాళంగా లెక్కించదు. కానీ 6,500 ట్రిప్పుకు 400 డాలర్లు పుచ్చుకుంటే, ఆ ఎక్కువ మొత్తం రుసుమేనని అధికారి ముందు నిలబెట్టలేరు. రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి దాన్ని తాకొద్దు. రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లకైనా విదేశీ విరాళం మొదట ఢిల్లీ స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి. వెళ్లేటప్పుడు పాస్టరుగారి చేతిలో పెట్టే కవరుకూ ఇదే వర్తిస్తుంది.

టూరిస్ట్ వీసా మీద సువార్త పని కుదరదు, ఓసీఐ వాళ్లకూ ప్రత్యేక అనుమతి కావాలి. మందులు పంచే చోటే ప్రార్థనా సభ పెట్టకండి. 1967 ఒడిశా మతమార్పిడి చట్టం ప్రకారం ప్రలోభంతో మతం మార్చారని కేసు పడితే, ఎస్టీల విషయంలో శిక్ష రెండేళ్ల దాకా, జరిమానా ₹10,000 దాకా ఉంటుంది. విదేశీయులు మీ గెస్ట్‌హౌస్‌లో దిగిన 24 గంటల్లో వాళ్ల వివరాల ఫారం ఆన్‌లైన్‌లో నింపాలి. దానికి లాగిన్ ముందే తీసుకోవాలి, నవంబరులోనే మొదలుపెట్టండి.