అమెరికా, యూరప్ ఉత్పాదకత తేడాలో ఐటీ వాటా ఎలా లెక్కగట్టాలి?

ఎకనామిక్స్ తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త సాయం చేయండి, ఎం.ఏ. ప్రాజెక్టు దగ్గరపడి టెన్షన్‌గా ఉంది. 1973-95 మధ్య గంట పనికి వచ్చే ఉత్పత్తి పాత 15 ఈయూ దేశాల్లో ఏడాదికి సుమారు 2.4 శాతం పెరిగితే అమెరికాలో 1.2 మాత్రమే, కానీ 1995-2006లో అమెరికా 2.3కి ఎక్కింది, యూరప్ 1.5కి దిగింది. కారణం ఐటీ అని అందరూ అంటారు. మరి అవే కంప్యూటర్లు యూరప్‌లోనూ దొరికాయి కదా?

తేడా ఎక్కువగా కనిపించేది హోల్‌సేల్, రిటైల్ వ్యాపారాల్లో. బిల్లింగ్ కౌంటర్‌లో బార్‌కోడ్ స్కాన్ కాగానే గోడౌన్ లెక్క మారి, సరుకు ఆర్డర్ దానంతటదే వెళ్లాలంటే మెషీన్ కొంటే చాలదు, పని చేసే పద్ధతే మార్చుకోవాలి. బ్రిటన్‌లోనే ఉన్న అమెరికన్ కంపెనీలు మిగతా విదేశీ కంపెనీల కన్నా ఐటీ నుంచి ఎక్కువ ఫలితం రాబట్టాయని చదివాక నాకు ఇదే అసలు సంగతి అనిపిస్తోంది.

నా చిక్కల్లా లెక్క దగ్గరే. గ్రోత్ అకౌంటింగ్‌లో (ఉత్పత్తి పెరుగుదలలో పెట్టుబడి వాటా ఎంత, శ్రమ వాటా ఎంత అని విడదీసే లెక్క) కంప్యూటర్, సాఫ్ట్‌వేర్ ఖర్చు పెట్టుబడి కింద పోతుంది, పద్ధతులు మార్చుకున్నందువల్ల వచ్చిన లాభం మాత్రం టీఎఫ్‌పీలో, అంటే పెట్టుబడి, శ్రమల వాటా తీసేశాక మిగిలే పెరుగుదలలో, కలిసిపోతుంది. దాన్ని విడదీసి చూపడానికి ఈయూ క్లెమ్స్ డేటా (దేశాలవారీగా, పరిశ్రమలవారీగా ఉత్పాదకత లెక్కలు) సరిపోతుందా, లేక కంపెనీల స్థాయి డేటా తప్పదా? ఇంకొకటి, కంప్యూటర్ల ధరలను నాణ్యతకు తగ్గట్టు సవరించే తీరు దేశానికో రకంగా ఉండేది కాబట్టి అన్నిటికీ అమెరికా ధరల సూచీనే వాడితే గైడ్ ఒప్పుకుంటారా? ఈ పని చేసినవాళ్లు దయచేసి వివరంగా చెప్పండి.