జునిపర్ బోన్సాయ్: కుండీ మార్పు, కత్తిరింపు ఒకేసారి చేయవచ్చా?

ప్రశ్న (న్యూజెర్సీ):
బోన్సాయ్‌గా, అంటే చిన్న కుండీలో పొట్టి చెట్టుగా పెంచుదామని పోయిన జూన్‌లో నర్సరీలో ప్రోకంబెన్స్ నానా రకం జునిపర్ (సూది ఆకుల పొద) కొన్నాను. చలికాలమంతా పెరట్లో మెట్ల పక్కన, డబ్బాను ఎండుటాకుల్లో కప్పిపెట్టాను. ఆకు కాస్త ఊదారంగుకు తిరిగింది. డబ్బా అడుగున వేళ్లు బయటికి వచ్చేశాయి, నీళ్లు పోస్తే ఇంకకుండా అంచుల వెంట జారిపోతున్నాయి. మార్చి రెండో వారం కదా, ఈ ఆదివారం కుండీ మార్చి, అదే ఊపులో కొమ్మలు కత్తిరించి, వాటిని వంచడానికి లోహపు తీగ కూడా చుట్టేద్దామనుకుంటున్నాను. పళ్లెం లాంటి కుండీ కొని సిద్ధంగా పెట్టుకున్నాను. ఏమంటారు?

జవాబు (పెన్సిల్వేనియా):
అదే ఊపులో అన్నారే, అక్కడే ఆగండి. నా మొదటి జునిపర్‌ను సరిగ్గా అలాగే చంపుకున్నాను. పొద్దున వేళ్లు, మధ్యాహ్నం కొమ్మలు, సాయంత్రం తీగ. నెల దాటినా పచ్చగానే ఉందని మురిసిపోయి మా చెల్లెలికి ఫోటోలు పంపాను. అప్పటికే అది పోయింది. జునిపర్ చచ్చాక కూడా వారాల తరబడి పచ్చగానే కనిపిస్తుంది. జూన్‌లో ఆకు పట్టుకుంటే పొట్టులా రాలింది.

ఈ చెట్టు బలమంతా ఆకులోనే. వేళ్లు కోసిన ఏడాది ఆకు జోలికి వెళ్లకండి. ఈసారి కుండీ ఒక్కటే మార్చండి, అదీ కొసల్లో కొత్త పచ్చదనం తొంగిచూశాక. మన వైపు మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో. ఊదారంగుకు కంగారు వద్దు, అది చలికి వచ్చింది. వేళ్లలో మూడో వంతుకు మించి తీయవద్దు. పాత మట్టిని మొత్తం కడగకుండా ఒక సగం మాత్రమే పుల్లతో విడదీయండి, రెండో సగం మళ్లీ కుండీ మార్చినప్పుడు. వేళ్ల మీద తెల్లటి బూజులాంటిది కనిపిస్తే తుడవకండి, అది మేలు చేసేదే. కొత్త మట్టిగా ప్యూమిస్ (తేలికైన అగ్నిపర్వత రాయి), లావా రాయి జల్లెడపట్టి దుమ్ము తీసేసి వాడండి. చెట్టు ఊగకుండా తీగతో కుండీకి కట్టండి, ఊగితే కొత్త వేళ్లు తెగుతాయి. తర్వాత గడ్డకట్టే రాత్రి వస్తే గ్యారేజీలోకి చేర్చండి.

పళ్లెం కుండీ మాత్రం ఇప్పుడే వద్దు. అందులో పట్టాలంటే సగానికి పైగా వేళ్లు కోయాలి.

ప్రశ్న అడిగినవారు:
మరి కొమ్మలు? లోపలికి గాలి కూడా దూరడం లేదు.

జవాబు (పెన్సిల్వేనియా):
వచ్చే ఏడాది జూన్‌లో, చిగుళ్లు ముదిరాక. గోటితో కొసలు గిల్లవద్దు, గోధుమరంగుకు తిరుగుతాయి. కత్తెరతో కొమ్మ చీలే చోట కోయండి, ప్రతి కొమ్మకూ కొంత పచ్చ మిగలాలి. బోడి కొమ్మ మళ్లీ చిగురించడం కల్ల. అంతవరకు చేతులు ఊరుకోకపోతే లోపల ఎండిన ఆకు ఏరండి.

జవాబు (హైదరాబాద్):
ఇక్కడివాళ్లు ఈ నెలల లెక్క పట్టుకోకండి. నేనూ అలాగే మార్చి చివర మార్చి, మేడ మీద ఎండకు మాడ్చుకున్నాను. ఇప్పుడు జనవరిలో ముగించి, వేసవి అంతా మధ్యాహ్నపు ఎండకు నీడవల కడుతున్నాను.

ప్రశ్న అడిగినవారు:
పళ్లెం కుండీ అటకెక్కింది. తీగ చుట్ట కూడా దానిలోనే పెట్టాను, కంటికి కనబడితే ఆగలేను.