కపాలభాతి రోజూ చేస్తున్నా మనసు కుదుటపడటం లేదు, లోపం ఎక్కడ?

కొర్లగుంట వాసి:

అందరికీ నమస్కారం. నా వయస్సు 44 ఏళ్ళు. తిరుపతిలో ఒక బ్యాంకు శాఖలో నగదు కౌంటరు చూస్తాను. సాయంత్రం లెక్క సరిపోని రోజున గుండె దడదడలాడుతుంది, ఆ రాత్రి సరిగా నిద్ర పట్టదు. ఈ ఆందోళన తగ్గుతుందన్న ఆశతో రెండు నెలలుగా తెల్లవారుజామున 5 గంటలకు లేచి, ఫోనులో వీడియో చూస్తూ 300 సార్లు కపాలభాతి (పొట్టను లోపలికి లాగుతూ ఊపిరిని వేగంగా బయటికి తోయడం), ఆ వెంటనే 5 నిమిషాలు భస్త్రిక (కొలిమితిత్తిలా ఊపిరిని బలంగా తీసి విడవడం) చేస్తున్నాను. చేసిన కాసేపు ఒళ్ళు తేలికగా ఉన్నట్టే ఉంటుంది గానీ, మధ్యలో కళ్ళు తిరుగుతాయి, వేళ్ళ చివర్లు చిమచిమలాడతాయి, పదకొండు గంటలు కాకముందే ఖాతాదారుల మీద విసుక్కోవడం మొదలవుతుంది. సంఖ్యను 500కు పెంచితే ఫలితం కనిపిస్తుందా? ‘ఊపిరికి కూడా టార్గెట్ పెట్టుకున్నారే’ అని మా ఆవిడ ఎగతాళి చేస్తోంది.

చంద్రగిరి సాధకురాలు:

అయ్యా, మీ శ్రీమతి గారు సరిగ్గానే పట్టుకున్నారు. దయచేసి సంఖ్యను పెంచకండి, ప్రస్తుతానికి ఆ రెండింటినీ ఆపివేయండి. హఠయోగ సంప్రదాయం కపాలభాతిని ధౌతి, నేతి, నౌళి వంటి వాటితో కలిపి షట్కర్మలలో ఒకటిగా లెక్కించింది. అంటే అది శుద్ధి కోసం చేసే క్రియ, మనసును నిలపడానికి చేసే ప్రాణాయామం కాదు. ఊపిరిని అంత వేగంగా బయటికి తోస్తూ పోతే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది, దానివల్ల మెదడుకు వెళ్ళే రక్తనాళాలు కుంచించుకుంటాయి. మీకు కళ్ళు తిరగడం, వేళ్ళు చిమచిమలాడటం ఇందువల్లే కావచ్చు. అధిక రక్తపోటు, హెర్నియా, మూర్ఛ ఉన్నవారికీ, గర్భిణులకూ ఇవి ఎలాగూ తగవు.

మీకు కావలసింది దీనికి సరిగ్గా వ్యతిరేకమైనది. ఊపిరి తీసేటప్పుడు గుండె వేగం కొద్దిగా పెరిగి, విడిచేటప్పుడు మెదడు నుంచి గుండెకు వెళ్ళే వేగస్ నాడి ప్రభావంతో తగ్గుతుంది. అందుకే విడిచే ఊపిరి తీసే ఊపిరికంటే పొడవుగా ఉండాలి. వెన్ను నిటారుగా ఉంచి, నేల మీద కూర్చోలేకపోతే కుర్చీలోనైనా సరే, 4 అంకెలు లెక్కపెడుతూ ముక్కుతో తీసి, 6 అంకెలు లెక్కపెడుతూ విడవండి. అంకెకు ఒక సెకను చొప్పున వేసుకుంటే నిమిషానికి 6 శ్వాసలవుతాయి. మామూలుగా మనం తీసుకునేవి 12 నుంచి 20 వరకు ఉంటాయి. మొదటి వారం 5 నిమిషాలకు మించవద్దు. ఊపిరి అందనట్టు అనిపిస్తే 3 అంకెలకు తీసి, 4 అంకెలకు విడిచేలా తగ్గించుకోండి, అందులో చిన్నతనమేమీ లేదు. ఆ తరువాత కుంభకం (ఊపిరి బిగబట్టడం) లేకుండా నాడీశోధన (ముక్కు రంధ్రాలు మార్చి మార్చి శ్వాసించడం), పడుకునే ముందు నాలుగైదు సార్లు భ్రామరి (తుమ్మెదలా ఝుంకారం చేస్తూ ఊపిరి విడవడం) చేర్చుకోవచ్చు. యోగసూత్రాల కర్త పతంజలి ప్రాణాయామం గురించి చెప్పకముందే ఆసనం స్థిరంగా, సుఖంగా ఉండాలన్నాడు. ఫోను తెర మీద చూపు నిలిపినంతసేపు ఆ సుఖం దొరకదని నా అభిప్రాయం.

మెట్లదారి నడకరి:

పై సమాధానంతో ఏకీభవిస్తూ, నా అనుభవం ఒకటి చెబుతాను. నేను నెలకు ఒకసారి అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కుతాను. మొదట్లో కుర్రవాళ్ళతో పోటీపడి గాలిగోపురం చేరేలోపే ఆయాసంతో కూలబడేవాణ్ణి. ఒకసారి ఒక పెద్దావిడ ‘ఏడుకొండలవాడా వెంకటరమణా గోవిందా గోవింద’ అంటూ నా పక్కనుంచే తాపీగా ఎక్కిపోయింది. తరువాత గమనిస్తే, ఆ పిలుపు మొత్తం ఒకే ఊపిరిలో, అదీ విడిచే ఊపిరిలో సాగుతుంది. నోట మాట వచ్చేటంత నెమ్మదిగా నడిస్తేనే అది సాధ్యం. ఇది కేవలం భక్తి మాట కాదండీ. 2001లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఇటలీ పరిశోధకుల అధ్యయనం ఒకటి వచ్చింది. జపమాల ప్రార్థననూ, ఒక మంత్రాన్నీ పైకి చదివినప్పుడు శ్వాస నిమిషానికి సుమారు 6కు దిగడాన్ని వారు గమనించారు. మన మెట్లదారిలో ఎవరైనా కొలిచారో లేదో గానీ, నా మటుకు నాకు గోవింద నామమే లెక్క.

పద్మావతీపురం నివాసి:

శ్వాస సాధన మంచిదే. అయితే గుండె దడకు థైరాయిడ్, రక్తహీనత వంటి కారణాలూ ఉంటాయి కనుక ముందు వైద్యునికి చూపించి, రక్తపోటు కొలిపించుకోండి. రోజుకు ఎన్ని కాఫీలు తాగుతున్నారో కూడా చెప్పండి.

కొర్లగుంట వాసి:

అందరికీ కృతజ్ఞతలు. పరీక్షలు చేయించాను, రక్తపోటు గానీ థైరాయిడ్ గానీ సమస్య కాదట. కాఫీలు 5 ఉండేవి, ఇప్పుడు 2. పన్నెండు రోజులుగా 4, 6 లెక్కనే చేస్తున్నాను. కళ్ళు తిరగడం పూర్తిగా పోయింది, నిద్ర కొంత మెరుగైంది. లెక్క తేడా వచ్చిన రోజున దడ మాత్రం వస్తూనే ఉంది, కానీ ఇంటికి చేరేలోపు తగ్గుతోంది. ఒక సందేహం మిగిలింది. కౌంటరులో వరుస నిలబడి ఉండగా కళ్ళు మూసుకుని కూర్చోలేను కదా, అప్పుడేం చేయాలి?

చంద్రగిరి సాధకురాలు:

కళ్ళు మూయనవసరం లేదు, ఎవరికీ తెలియనవసరమూ లేదు. నోట్ల కట్టను లెక్కపెట్టే యంత్రంలో పెట్టిన తరువాత మీకు ఎలాగూ కొన్ని క్షణాలు పనుండదు. ఆ అంకె తెర మీద నిలిచేవరకు, భుజాలు దించి, ఒక్క ఊపిరి నెమ్మదిగా విడవండి.